దింపు డబ్బూ, కానుక కవరూ

అంబాజీపేట మార్కెట్టులో కొబ్బరి ధర ఎలా ఉందో ఆదివారం కానుక సంచి చూస్తే తెలిసిపోతుందని మా సంఘ పెద్ద ఒకాయన నవ్వుతూ అనేవారు. నవ్వులో చురక ఉండేది. ధర పడితే కానుక తగ్గినందుకు ఆయనకేం బాధ లేదు. ధర పెరిగిన వారం కూడా కొందరి చెయ్యి అదే పది రూపాయల నోటు దగ్గర ఆగిపోతుందే, అదీ ఆయన బాధ. ఆ కొందరిలో నేనూ ఉన్నాను.

కోనసీమలో నెల తిరిగేసరికి జీతం అందే ఇళ్లు తక్కువ. కొబ్బరి దింపు నెలన్నరకో రెండు నెలలకో వస్తుంది. ధాన్యం డబ్బు పంటకోసారి. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లిన ఆడపడుచు పంపేది అక్కడి యజమాని దయ. రోజు కూలికి పోయేవాళ్ల సంగతి సరేసరి. అందుకే పాస్టరుగారు "క్రమంగా ఇవ్వండి" అన్నప్పుడల్లా వెనక వరసలో ఎవరో ఒకరు గొణుగుతారు: "క్రమంగా వస్తే కదండీ, క్రమంగా ఇవ్వడానికి!"

న్యాయమైన మాటే. నేనూ చాలా ఏళ్లు దాని చాటునే దాక్కున్నాను. తర్వాత ఒకసారి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక చివరి అధ్యాయం తీరుబడిగా చదివాను. యెరూషలేములోని బీదల కోసం పౌలు చందా పోగుచేస్తున్న సందర్భమది. ఆదివారం ఆదివారం ఎవరికి వారు కొంత తీసి తమ దగ్గరే ఉంచుకోమన్నాడు, తాను వచ్చాక హడావుడి పడకుండా. ఎంత అన్నది చెప్పలేదు. వచ్చినదాన్ని బట్టి అన్నాడు. అంటే, రాబడి ఒడిదుడుకులు ఆయనకు తెలియనివేం కావు. ఆయన అడిగిందల్లా తీసిపెట్టే అలవాటు.

మా అమ్మకు ఈ పత్రిక చదవడం రాదు. కానీ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. డబ్బా నిండాక మందిరానికి వెళ్లేది. బియ్యం అడుగంటిన రోజుల్లో పిడికిలి చిన్నదయ్యేది గాని, చెయ్యి డబ్బా దగ్గరికి వెళ్లడం మానలేదు. మిజోరం సంఘాల్లో ఇదే పని 1910 నుంచి ఆడవాళ్లు పూటపూటా చేస్తున్నారనీ, వాళ్ల సంఘాల ఖర్చులో అదొక పెద్ద ఆధారమనీ నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అన్నం వండాక మిగిలింది ఇవ్వడానికీ, వండకముందు తీయడానికీ తేడా ఆ డబ్బా దగ్గరే నేర్చుకోవలసింది. నాకు నలభై ఏళ్లు పట్టింది.

ఈ అలవాటుకు మన గోదావరి తీరంలో ఒక పాత చరిత్ర ఉంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతల దిగితే నర్సాపురం. అక్కడా పాలకొల్లులోనూ పనిచేసిన విలియం బౌడెన్, జార్జి బీర్‌లు 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరారు. ఒకరు రాళ్లు చెక్కే తాపీమేస్త్రీ, మరొకరు చెప్పులు కుట్టేవాడు. వెనక మిషను బోర్డు లేదు, నెల జీతం లేదు. వాళ్లను తీసుకొచ్చిన ఆంటొనీ నారిస్ గ్రోవ్స్ ఎక్సెటరులో బాగా గడించిన పళ్ల డాక్టరు. భార్యాభర్తలు మొదట రాబడిలో పదోవంతు ఇచ్చారు, తర్వాత నాలుగో వంతు, చివరికి కూడబెట్టుకోవడమే మానేశారు. 1825లో దానిమీద ఒక చిన్న పుస్తకమూ రాశాడాయన. తర్వాత మన చిత్తూరులో కాపురం పెట్టాడు. అందరూ గ్రోవ్స్‌లా ఉండాలని నేననను, నావల్ల కాదు. కానీ ఆయన ఒక్క రాత్రిలో అక్కడికి చేరలేదన్నది నాకు ధైర్యమిచ్చే విషయం.

ఇస్తే విదేశీయులే ఇవ్వాలన్న ఆలోచనను పగలగొట్టినవారు వి.ఎస్. అజరయ్య. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంత డబ్బుతో మిషను సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం తరఫున ఆయన 1909లో డోర్నకల్ వచ్చారు. 1912లో బిషప్పయ్యాక కూడా కూలినాలి చేసుకునే పల్లె సంఘాలకు "మీరు బీదలు, మీరివ్వక్కర్లేదు" అని చెప్పలేదు. అలా అనడం జాలిలా కనిపిస్తుంది, నిజానికి చిన్నచూపు. ఇవ్వగలననుకున్న మనిషి నిలబడే తీరే వేరు.

ఇక నా సంగతి. ఒక ఏడాది కోతల పండుగలో అరటి గెల వేలంపాటకు వచ్చింది. అవతల పాడుతున్నది మా వీధివాడే. పోటీ పెరిగింది. గెల ఖరీదుకు ఎన్నో రెట్లు పాడి గెలిచాను. చప్పట్లు కొట్టారు. ఆ డబ్బు మర్నాడు అప్పు తెచ్చి కట్టాను. ఆ నెల పిల్ల ఫీజు ఆలస్యమైంది. దేవునికిచ్చాననే అనుకున్నాను గాని, ఇచ్చింది మా వీధివాడి ముఖం మీద.

అందుకే "వెయ్యి ఇస్తే లక్ష వస్తుంది" అనే ప్రసంగం వింటే నాకు ఒళ్లు మండుతుంది. మలాకీ గ్రంథాన్ని లాటరీ టిక్కెట్టు చేస్తారు. బంగారం తాకట్టు పెట్టి కానుక వేయమనేవాళ్లకు మార్కు సువార్త ఏడో అధ్యాయం చూపించాలి. తల్లిదండ్రులకు చేరాల్సినదాన్ని కొర్బాను, అంటే దేవునికి అర్పించినది, అని పేరుపెట్టి ఎగ్గొట్టేవాళ్లను యేసు గట్టిగానే మందలించాడు. మనిషి ఆకలి ముందన్నది మన కోనసీమవాళ్లకు కొత్త సంగతి కాదు. లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు అంతర్వేది దర్శనానికి బయల్దేరి, తన ఇంటికి అన్నానికి వస్తున్నవాళ్లు దారిలో కనిపిస్తే ప్రయాణం మానుకుని వెనక్కి తిరిగారని ఇప్పటికీ చెప్పుకుంటాం. మతం వేరు, లెక్క ఒకటే.

లెక్క అంటే గుర్తొచ్చింది. ఇచ్చినవాళ్లు ఖర్చు అడిగితే కొన్నిచోట్ల విశ్వాసం తక్కువంటారు. పౌలు ఆ చందా డబ్బు ఒంటరిగా పట్టుకెళ్లలేదు; నింద రాకూడదని సంఘాలు ఎంచిన మనుషుల్ని వెంట పెట్టుకున్నాడు. సంచి లెక్కించేటప్పుడు ఇద్దరుండాలి, సంఘానికి లెక్క చదివి వినిపించాలి. ఇది అడగడం మన బాధ్యత.

ఇప్పుడు నేను చేస్తున్నది చిన్నపనే. వ్యాపారి డబ్బు ఇచ్చి వెళ్లగానే, ముందు దింపు తీసినవాళ్ల కూలి, ఒలుపు కూలి ఇచ్చేస్తాను. అది నా డబ్బు కాదు, దాంట్లోంచి కానుక తీయకూడదు. తర్వాత కవరు. ఆ తర్వాతే ఎరువుల కొట్టు బాకీ, ఫీజులు, మిగతావీ. ధర పడిన దింపుకు కవరు పలచగా ఉంటుంది, కానీ ఖాళీగా ఉండదు. మొదటి రెండుసార్లు చెయ్యి వణికింది. మూడోసారికి మా ఆవిడే కవరు తెచ్చి ముందు పెట్టింది.

మీ తర్వాతి దింపు ఎప్పుడో నాకు తెలియదు. ఎంతివ్వాలో నేను చెప్పను. వ్యాపారి బండి గేటు దాటకముందే కవరు మాత్రం బయటికి తీసి పెట్టుకోండి.