కొండ నడకకు తగిన దుస్తులు

శీతకాలమున మైలవరము జలాశయము మీదుగా వచ్చు వేకువగాలి యెట్టిదో యీ ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ వేళ గండికోటకు కాలినడకను బయలుదేరు బాలుడు సాధారణముగా నూలుచొక్కాపై ఒక్క దళసరి కోటు తొడిగికొని వచ్చును. కొండదారి సగ మెక్కునప్పటికి చొక్కా చెమటతో తడిసిపోవును. కోటు విప్పినచో చలి, విప్పనిచో ఉక్క. ఇట్టివారిని మేము పలుమారు చూచితిమి. ఎండ యెక్కిన పిదప ఆ కోటు ఉపాధ్యాయుని భుజము మీదికి చేరుటయు కలదు!

వస్త్రము వేడిని పుట్టింపదు. దేహము పుట్టించు వేడిని పోనీయక నిలుపును, అంతియే. ఆ పని చేయునది దారముకంటె దారముల నడుమ చిక్కుకొన్న గాలి. కదలని గాలి ఉష్ణమును మిక్కిలి మెల్లగా ప్రసరింపజేయును. నీరు దానికంటె సుమారు 25 రెట్లు త్వరగా ప్రసరింపజేయును. చొక్కా తడిసినపుడు గాలి యుండవలసిన చోట నీరు చేరును. నడచుచున్నంతసేపు ఇది తెలియదు. పైకి చేరి, పెన్నానది యెఱ్ఱమల కొండలను కోసికొని పారు ఆ లోయ యంచున కూర్చుండగానే వడకు పుట్టును.

కావున ఒక్క దళసరి వస్త్రమునకు మారుగా పలుచనివి రెండు మూడు ధరించుట మేలు. వాని నడుమను గాలి నిలుచును. అవసరము కొలది ఒక్కొక్కటి విప్పవచ్చును. ఒంటికి పలుచని బనియను, దానిపై ఉన్ని స్వెట్టరు, అన్నిటి పైని గాలిని ఆపు బిగువైన నేత వస్త్రము. ఉన్ని తన బరువులో దాదాపు మూడవ వంతు తేమను పీల్చియు తడిసినట్లు తోచదు. గొఱ్ఱెల కాపరి తొలకరి వానలో కంబళిని విడువకుండుటకు కారణ మిదియే.

ఇది క్రొత్త విద్య కాదు. 1924లో ఎవరెస్టుపై మరణించిన జార్జి మేలరీ దేహము 1999లో దొరకినది. పట్టు, నూలు, ఉన్ని వస్త్రములు పొరలు పొరలుగా దానిపై నుండెను. అట్టివే మరల కుట్టించి 2006లో ఆ పర్వతముపైననే తొడిగి చూడగా తేలికగాను వెచ్చగాను ఉన్నవని తేలినది. మంచెరుగని నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఆ శిఖర మెక్కినది. అంతకుముందు భువనగిరి బండపైనను, డార్జిలింగులోను, లడఖు చలిలోను ఆమెకు శిక్షణ జరిగెను.

చలిదేశములవారు కొండపై నూలు తగదందురు. ఆ మాటను మన సీమకు యథాతథముగ అన్వయించుట సరికాదని మా యభిప్రాయము. ఎండకాలపు మధ్యాహ్నమున చెమటకు తడిసిన నూలే ఒంటిని చల్లబఱచును. చిక్కంతయు శీతకాలపు వేకువలోనే.

తలిదండ్రులు దీనికై క్రొత్త కోటు కొననక్కరలేదు. ఇంట నున్న స్వెట్టరు, తలకు చుట్టుకొన తువాలు, సంచిలో మఱియొక పొడి బనియను చాలును. బయలుదేరునపుడు కొంచెము చలిగా నుండుటయే సరియైన కొలత. చెమట పట్టకమునుపే స్వెట్టరు విప్పవలెను. ఆగిన వెంటనే, చలి తెలియకమునుపే, మరల తొడుగవలెను. కోట చేరగానే ఏదేని గోడచాటున తడి బనియను మార్చి, విడిచినదానిని బండపై ఆరవేసినచో తిరుగుప్రయాణమునకు అది పొడిగా నుండును.