పోయిన ఫొటోలు తిరిగి వస్తాయా?

మన హాస్టల్ వార్షికోత్సవం ఫొటోలు, వాలుగ చేప దవడతో పత్తి ఏకే మన పొందూరు అవ్వల ఫొటోలు పోతే మళ్లీ ఎక్కడ తెస్తాం? మెమరీ కార్డు చెడిందని కెమెరా చెప్పగానే దాన్ని ఫార్మాట్ చేయవద్దు, కొత్త ఫొటో తీయవద్దు.

కార్డులో ఫొటోలు ఒకచోట, వాటి జాబితా మరోచోట ఉంటాయి. హాజరుపట్టీలో పేరు చెరిగిపోతే విద్యార్థి మాయమవుతాడా? అలాగే జాబితా చెడినా ఫొటోలు చాలాసార్లు కార్డులోనే ఉంటాయి. వాటిపై కొత్తవి పడితే మాత్రం పోతాయి.

కార్డును రీడర్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫొటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతుకుదాం. అది జాబితాతో పనిలేకుండా, ప్రతి జేపెగ్ ఫొటో మొదట్లో ఉండే గుర్తును పట్టి తీస్తుంది. దొరికినవి కంప్యూటర్‌లోనే దాచాలి, ఆ కార్డులో కాదు. కంప్యూటర్ కార్డును అసలే గుర్తించకపోతే ఈ ఉపాయం పనిచేయదు.

అందుకే మిత్రులారా, ఫొటోలు తీసిన రోజే రెండుచోట్ల దాచుకుందాం.