నీలి పూల అవిసె

అవిసె అనగానే కొందరికి కూర వండుకునే అవిసె చెట్టు గుర్తుకొస్తుంది. మేము చెప్పేది అది కాదు. కిరాణా కొట్లో అల్సీ అని అమ్మే నున్నటి గోధుమరంగు గింజల మొక్క. జహీరాబాదు వైపు నల్లరేగడిలో మంచు పదునుకే పండే యాసంగి పంట.

అక్టోబరు, నవంబరు నెలల్లో వేయించని గింజలను అర అంగుళం లోతున వేయండి. నానబెట్టకండి, జిగురు పట్టి ముద్దకడతాయి. మొలిచేదాకా తడి ఉంటే చాలు. పొద్దున విచ్చిన నీలి రేకులు మధ్యాహ్నానికే రాలుతాయి. మొక్క పోతోందని నీళ్ళు గుమ్మరించకండి, మరునాడు కొత్తవి పూస్తాయి.

మా భయమంతా మిగిలిన విత్తనాల గురించే. విత్తనాల దుకాణంలో కొన్నవాటికి మందు పట్టించి ఉండవచ్చు. వాటిని వంటింట్లో ఉంచకండి. ఎవరైనా తింటే మీరే వాంతి చేయించకుండా, ఆ సంచితో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పచ్చి కాయల్లోని లేత గింజలూ తినకూడదు, పిల్లలకు చెప్పండి.

తినడానికి కిరాణా గింజలే వేయించి పొడి చేసుకొని, ఒక చెంచాతో మొదలుపెట్టండి. నీళ్ళు బాగా తాగాలి, లేకపోతే మలబద్ధకం ఇంకా ఎక్కువవుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ముందుగా డాక్టరుగారిని అడగండి.