పోటీ చట్టము - సమన్యాయ పాలన

చొప్పదండి పరిసరముల రైతు పండించిన వడ్లు బియ్యమై గిడ్డంగులకు చేరిన పిమ్మట, పురుగు పట్టకుండుటకై అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను వాడుదురు. ఆ బిళ్ళల వెనుక నొక వ్యాజ్యము కలదు. పోటీ చట్టమును విద్యార్థులకు బోధించుటకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము మాకు కనబడలేదు.

2009 మే నెలలో భారత ఆహార సంస్థ పిలిచిన టెండరుకు మూడు కంపెనీలు కిలోకు సరిగా 388 రూపాయలే కోరినవి. పైసా భేదము లేదు! కాంపిటీషన్ కమిషన్ దీనిని కుమ్మక్కుగా తేల్చి, 2012లో ఒక్కొక్క కంపెనీకి మూడేండ్ల సగటు టర్నోవరుపై 9 శాతము జరిమానా విధించినది. నేరము క్రొత్తది కాదు. కూడబలుకుకొని ధర పెంచు వర్తకులకు కౌటిల్యుడు వేయి పణముల దండనము చెప్పెను. ధర పెరుగుటకై ధాన్యము దాచుటను ఇస్లాం ధర్మశాస్త్రము 'ఇహ్తికార్' అని నిషేధించినది.

కుమ్మక్కును నిషేధించు సెక్షను అమలులోనికి వచ్చినది 2009 మే 20న. టెండర్లు వేసినది అంతకు ముందే గదా యని కంపెనీలు వాదించినవి. టెండరు వ్యవహారము ఆ తేదీ తరువాతను సాగినది గనుక ఆ వాదము నిలువలేదు. అసలు చిక్కు జరిమానాలో వచ్చినది. 'టర్నోవరు' అనగా కంపెనీ సకల వ్యాపారమా, బిళ్ళల వ్యాపారము మాత్రమేనా? చట్టము స్పష్టముగా చెప్పలేదు. బిళ్ళల వ్యాపారమే యని అప్పీలు ట్రిబ్యునలు 2013లో నిర్ణయించగా, ఒక కంపెనీపై దాదాపు 64 కోట్ల జరిమానా 3 కోట్ల లోపునకు దిగినది. సుప్రీంకోర్టు 2017 మే 8న దీనినే స్థిరపరచినది. ఆ ధర్మాసనమున మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ ఏకీభవించుచు వేరుగా తీర్పు వ్రాసిరి.

ప్రజాధనమునకు నష్టము చేసినవారికి ఇంత దయయా యని మొదట మాకును కోపము కలిగినది. కాని శిక్షించు చట్టము సందిగ్ధముగా నున్నప్పుడు ఆ సందిగ్ధతను అధికారి తన యిష్టము వచ్చినట్లు పూరింపరాదు. దోషికిని ఈ రక్షణ లేనిచో సమన్యాయ పాలన పేరునకే మిగులును.

అమెరికాలో 1890 నాటి షెర్మన్ చట్టము క్రింద కుమ్మక్కు క్రిమినల్ నేరము. వ్యక్తులకు పదేండ్ల వరకు జైలు విధింపవచ్చును. ఐరోపా కమిషన్ జైలుకు పంపదు. సంబంధిత అమ్మకాలలో 30 శాతము వరకు లెక్కకు తీసికొని, మొత్తము టర్నోవరులో 10 శాతము మించకుండ జరిమానా వేయును.

మన పార్లమెంటు 2023లో చట్టమును సవరించి, టర్నోవరు అనగా ప్రపంచవ్యాప్త టర్నోవరని తేటతెల్లముగా వ్రాసినది. 2024 మార్చిలో అది అమలునకు రాగా, కమిషన్ మార్గదర్శక సూత్రములను వెలువరించినది. వానిలోను లెక్క మొదలగునది సంబంధిత టర్నోవరుతోనే, 30 శాతము వరకు; ప్రపంచ టర్నోవరులో 10 శాతమన్నది పైహద్దు మాత్రమే.