బ్రేకు పెడల్ వెనుక ఏముంది?

మీలో సైకిలు తొక్కనివారు బహుశా ఉండరు. పెద్ద పల్లంలో బ్రేకు పట్టుకుంటూ దిగి, కిందికి వచ్చాక చక్రపు రిమ్మును వేలితో తాకి చూడండి. వెచ్చగా ఉంటుంది. సైకిలు వేగం ఎక్కడికీ మాయమైపోలేదు. అది వేడిగా మారి రిమ్ములో చేరింది. కారు బ్రేకు చేసే పని కూడా ఇంతే: కదలికను వేడిగా మార్చి గాలిలోకి వదిలేయడం.

ఎంత వేడి? మనుషులతో కలిపి 1,400 కిలోగ్రాముల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుందాం. మీ పాఠ్యపుస్తకంలోని గతిజశక్తి సూత్రంలో ఈ అంకెలు వేస్తే సుమారు 1,95,000 జౌళ్ళు వస్తాయి. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న ముప్పావు లీటరుకు కొంచెం తక్కువ నీటిని మరిగే స్థితికి తేవడానికి ఇది చాలు. ఒక్కసారి ఆపితేనే ఇంత! వేగం రెట్టింపయితే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక ఘాట్ రోడ్డు సంగతి చూద్దాం. విశాఖపట్నం జిల్లా వైపు నుంచి వెళ్ళేవారికి అరకు లోయ తెలిసిందే. అది సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అదే కారు 900 మీటర్లు కిందికి దిగితే వదిలించుకోవలసిన శక్తి 40 లీటర్లకు పైగా నీటిని, అంటే మూడు నాలుగు బిందెల నీటిని, మరిగించేంత ఉంటుంది. ఇందులో కొంత ఇంజను, కొంత గాలి మోస్తాయి. డ్రైవరు గేరు తగ్గించకుండా పెడల్ మీదే కాలు ఉంచితే దాదాపు అంతా బ్రేకుల నెత్తినే పడుతుంది.

నా చిన్నతనంలో మా మేనమామకు పాత అంబాసిడర్ కారు ఉండేది. ఒక వేసవిలో అందరం దానిలో అరకు నుంచి దిగుతున్నాం. సగం దారిలో మామయ్య ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. బ్రేకు పెడల్ ఎదురు చెప్పకుండా నేలకు ఆనుకుంది! ఆయన కంగారు పడకుండా పెడల్‌ను టపటపా నాలుగైదుసార్లు కొట్టాడు, గేరు రెండుకు దింపాడు, చేతి బ్రేకు మెల్లమెల్లగా లాగుతూ కారును కొండవైపు మట్టిగట్టుకు ఆనించాడు. విచిత్రమేమంటే, అరగంట తరువాత పెడల్ మళ్ళీ గట్టిపడింది. ఎక్కడా నూనె కారలేదు, ఏదీ విరగలేదు. మరి ఏం జరిగింది?

దీనికి జవాబు తెలియాలంటే ఒక చిన్న ప్రయోగం చేయాలి. సూదులు లేని కొత్త సిరంజీలు రెండు తీసుకోండి: ఒకటి 5 మిల్లీలీటర్లది, ఒకటి 20 మిల్లీలీటర్లది. రెండింటినీ నీటితో నింపిన సన్నని ప్లాస్టిక్ గొట్టంతో కలపండి. గాలి బుడగ ఒక్కటి కూడా ఉండకూడదు. చిన్న సిరంజిని మీరు నొక్కండి, పెద్దదాని పిస్టన్‌ను మీ స్నేహితుణ్ణి ఆపమనండి. మీ కన్నా బలవంతుడైనా ఆపలేడు. అయితే మీరు చాలా దూరం నొక్కితే పెద్ద పిస్టన్ కొద్ది దూరమే కదులుతుంది. మూసి ఉన్న ద్రవంపై కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా అందుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన నియమమే ఇది. ఇప్పుడు గొట్టంలోకి కావాలనే కొంత గాలి పోనిచ్చి మళ్ళీ నొక్కండి. మీ వేలు లోపలికి పోతుంది, అవతల పిస్టన్ మాత్రం బద్ధకంగా కదులుతుంది. మీ శ్రమ గాలిని నలపడానికే సరిపోయింది.

కారులో చిన్న సిరంజి స్థానంలో మాస్టర్ సిలిండర్, పెద్ద సిరంజి స్థానంలో ప్రతి చక్రం దగ్గరా వీల్ సిలిండర్ ఉంటాయి. ఉదాహరణకు, మీరు పెడల్‌ను 18 కిలోల బలంతో తొక్కారనుకోండి. పెడల్ ఒక తులాదండం కనుక అది 5 రెట్లు, అంటే 90 కిలోలు అవుతుంది. మాస్టర్ సిలిండర్ పిస్టన్ వైశాల్యం 3 చదరపు సెంటీమీటర్లయితే నూనెలో పీడనం చదరపు సెంటీమీటరుకు 30 కిలోలు. చక్రం దగ్గర పిస్టన్ వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లయితే అది బ్రేక్ షూను 120 కిలోల బలంతో డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుతుంది. అంతటితో ఆగదు. తిరుగుతున్న డ్రమ్ము తనకు ఎదురుగా ఉన్న షూను తనతోపాటు లాగి మరింత గట్టిగా అతుక్కునేటట్లు చేస్తుంది. చాలా పాత కార్లు ముందు చక్రాలలో రెండు షూలనూ ఇలా అతుక్కునేటట్లే అమర్చుకున్నాయి. అందుకే అవి వెనక్కి జారేటప్పుడు అంత బాగా ఆగవు!

నూనెతో పనిచేసే బ్రేకుకు అమెరికాలో 1917లో పేటెంటు పొందినవాడు మాల్కమ్ లాక్‌హీడ్. విమానాల కంపెనీ పేరులోని లాక్‌హీడ్ ఈ అన్నదమ్ముల ఇంటిపేరే. తొలినాటి బ్రేకు నూనెలలో ఆల్కహాలుతోపాటు కలిపినది ఏమిటో తెలుసా? మన ఆముదం! ఇప్పుడు వాడేవి ఎక్కువగా గ్లైకాల్ జాతి ద్రవాలు. మనం వాడుకలో ‘బ్రేక్ ఆయిల్’ అంటాం గానీ నిజానికి ఇది నూనె కానే కాదు.

ఈ ద్రవానికి ఒక దుర్గుణం ఉంది. వర్షాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్లు ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. దానిలో సుమారు 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. మామయ్య కారులో జరిగింది ఇదే. ఏళ్ళ తరబడి మార్చని ద్రవం డ్రమ్ముల వేడికి వీల్ సిలిండర్లలో మరిగి ఆవిరైంది. ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది. చల్లబడ్డాక మళ్ళీ ద్రవమైంది, పెడల్ గట్టిపడింది. చల్లబడ్డాక మళ్ళీ పనిచేశాయి కనుక బ్రేకులు బాగున్నాయని నమ్మి అలాగే తిరిగేవారు ఉంటారు. నా దృష్టిలో ఇంతకంటే ప్రమాదకరమైన నమ్మకం లేదు.

ఆ ఆదివారం ఇంటి ముందు పని మొదలైంది. ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో లేపి, ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టారు. జాకీ ఒక్కదాన్నే నమ్మి, లేదా ఇటుకలు పేర్చి, కారు కిందికి దూరరాదు. డ్రమ్ము ఊడదీయగానే లోపల నల్లని పొడి కనిపించింది. పాత కార్ల లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని పోగులు ఊపిరితిత్తులలో చేరితే ఎన్నో ఏళ్ళ తరువాత కాన్సర్ రావచ్చు. కనుక ఆ పొడిని నోటితో ఊదకండి, గాలి పంపు కొట్టకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయాలి. రబ్బరు భాగాలను పెట్రోలుతోగానీ ఇంజను ఆయిల్‌తోగానీ కడగరాదు, అవి ఉబ్బి చెడిపోతాయి. లైనింగు అరిగి రివెట్లు తేలితే, లేదా దానికి జిడ్డు అంటితే, షూలు మార్చవలసిందే. వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు కింద తడి కనిపిస్తే కిట్టు మార్చాలి. అవన్నీ మామయ్య, మెకానిక్ చూసుకున్నారు. నాకు దొరికిన ఉద్యోగం పెడల్ తొక్కడం!

ఆ పని తేలికే గానీ శ్రద్ధ కావాలి. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనుక ఎడమ చక్రంతో మొదలుపెట్టాం. నిపిల్‌కు రబ్బరు గొట్టం తొడిగి, రెండో కొనను కొంచెం బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచారు. “తొక్కు” అనగానే నేను తొక్కిపట్టేవాణ్ణి. మామయ్య నిపిల్ వదులు చేసేవాడు. టీ డికాక్షన్ లాంటి ద్రవం, బుడగలు సీసాలోకి వచ్చేవి. ఆయన నిపిల్ బిగించాకనే “వదులు” అనేవాడు. ముందే వదిలితే బయటి గాలి లోపలికి పోతుంది. ఒకసారి నేను తొందరపడ్డాను, ఆ చక్రం పని మళ్ళీ మొదటికి వచ్చింది. పైనున్న డబ్బాలో ద్రవం అడుగంటకుండా పోస్తూ ఉండాలి. అది రంగు మీద పడితే రంగు ఊడిపోతుంది, వెంటనే నీళ్ళతో కడగాలి. రెండేళ్ళకొకసారి ద్రవం ఇలా మార్చడం మంచిది.

తరువాత షూల సర్దుబాటు. చేతి బ్రేకు వదిలి, చక్రం బిగుసుకునేదాకా సర్దుబాటు మరను తిప్పి, పెడల్ ఒకసారి తొక్కి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత మాత్రమే వెనక్కి తిప్పాలి.

పాత కారు బ్రేకులను ఇంకా మెరుగుపరచవచ్చా? పరచవచ్చు. డాట్ 3 బదులు డాట్ 4 వాడితే మరిగే హద్దు పెరుగుతుంది. సిలికాన్ జాతి డాట్ 5ను మాత్రం వీటితో కలపకూడదు. నా ఉద్దేశంలో అన్నిటికన్నా విలువైన మార్పు జంట మాస్టర్ సిలిండర్. పాత పద్ధతిలో నాలుగు చక్రాలకూ ఒకటే దారి, ఒక్క గొట్టం పగిలితే నాలుగూ పోతాయి. జంట పద్ధతిలో ఒక దారి పోయినా రెండోది మిగులుతుంది. అమెరికాలో 1968 నుంచి కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు పెట్టించేవారూ ఉన్నారు. డిస్కుకు గాలి బాగా తగులుతుంది, త్వరగా చల్లబడుతుంది. కాని డ్రమ్ములాగా తనంతట తాను అతుక్కునే గుణం దానికి లేదు. కాబట్టి ఎక్కువ పీడనం, తగిన మాస్టర్ సిలిండర్ కావాలి. ఒకటి మార్చి రెండోది పాతదే ఉంచితే లాభానికి బదులు నష్టమే.

పని పూర్తయ్యాక మామయ్య పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కిపట్టాడు. కిందికి జారలేదు. రాత్రి నాలుగు చక్రాల కిందా పాత వార్తాపత్రికలు పరిచి, తెల్లవారి వాటిని వెలుతురులో తిప్పి తిప్పి చూశాం. మూడు పొడిగా ఉన్నాయి. ముందు కుడి చక్రం కింద మాత్రం రూపాయి బిళ్ళంత మరక! మళ్ళీ స్పానరు తీశాం.