యూంగ్: అంతర్ముఖ, బహిర్ముఖ తత్త్వాలు

అమెరికాలో ఉద్యోగం చేసేవారికి వ్యక్తిత్వ పరీక్షలు కొత్త కావు. రెడ్‌మండ్ వంటి సాంకేతిక పట్టణాలలోని తెలుగు ఇళ్ళలోనూ "మా పిల్లవాడు ఇంట్రోవర్ట్" అనే మాట వినవస్తూనే ఉంటుంది. ఈ భావనను మనస్తత్వశాస్త్రంలో ప్రతిష్ఠించినవాడు కార్ల్ గుస్తావ్ యూంగ్.

యూంగ్ 1875 జూలై 26న స్విట్జర్లాండ్‌లోని కెస్‌విల్‌లో ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించాడు. బాసెల్‌లో వైద్యవిద్య ముగించి, 1900లో జ్యూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్లి మానసిక వైద్యశాలలో చేరాడు. అక్కడ ఆయన జరిపిన పద సాహచర్య పరీక్షలు ప్రసిద్ధికెక్కాయి. వైద్యుడు ఒక్కొక్క పదమే పలుకుతాడు. రోగి తనకు మొదట స్ఫురించిన పదం చెప్పాలి. జవాబుకు పట్టిన కాలాన్ని గడియారంతో కొలుస్తారు. జవాబు తడబడినచోట మనస్సులో ఏదో దాగిన వేదన ఉన్నదని యూంగ్ గ్రహించి, దానిని 'కాంప్లెక్స్' అన్నాడు.

1907లో ఆయన వియన్నా వెళ్ళి ఫ్రాయిడ్‌ను కలుసుకొన్నాడు. 1909లో ఇరువురూ అమెరికా వచ్చి, మసాచుసెట్స్‌లోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో ఉపన్యసించారు. అయితే మనశ్శక్తికి మూలం ప్రధానంగా కామమేనన్న ఫ్రాయిడ్ వాదాన్ని యూంగ్ అంగీకరించలేదు. 1913లో వారి మైత్రి తెగిపోయింది. యూంగ్ తన మార్గాన్ని 'విశ్లేషణాత్మక మనస్తత్వశాస్త్రం' అని పిలిచాడు.

1921లో వెలువడిన గ్రంథంలో ఆయన మనుష్యుల స్వభావాలను వర్గీకరించాడు. మనశ్శక్తి బాహ్యప్రపంచం వైపు ప్రవహిస్తే బహిర్ముఖత్వం, లోపలికి మరలితే అంతర్ముఖత్వం. ఇంద్రియాలు వెలుపలికి పరుగిడడం, ధీరుని దృష్టి లోపలికి మరలడం కఠోపనిషత్తులోనూ కనిపించే విషయమే. భారతీయ చింతనపై ఆసక్తి గల యూంగ్ 1937 చివర భారతదేశానికి వచ్చాడు. కలకత్తాలో జరిగిన సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవాలు ఆ పర్యటనకు సందర్భం.

అమెరికాలో ఇసబెల్ మయర్స్, ఆమె తల్లి కాథరిన్ బ్రిగ్స్ ఆ వర్గీకరణను ఆధారం చేసుకొని, నాలుగు అక్షరాలతో స్వభావాన్ని సూచించే పరీక్షను రూపొందించారు. దాని శాస్త్రీయతను నేటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు అనేకులు శంకిస్తున్నారు. కొలిచి చూస్తే అత్యధికులు ఈ రెండు కొసల నడుమనే ఉంటారు.

యూంగ్ సైతం మనుష్యులకు ముద్రలు వేయడాన్ని 1934లోనే పిల్లల ఆటగా తీసిపారవేశాడు. ఆయన దృష్టిలో రెండు ధోరణులూ ప్రతివారిలోనూ ఉంటాయి. ఒకటి పైకి తేలితే రెండవది మరుగున ఉంటుంది. మరుగుపడినదానిని కూడా గుర్తించి, సమగ్రతను సాధించడమే జీవిత లక్ష్యమని చాటుతూ ఆయన 1961 జూన్ 6న కన్నుమూశాడు. తరగతిలో మౌనంగా కూర్చునే బాలుడు ఇంట్లో తాతగారితో గలగల మాట్లాడవచ్చు. రెండూ అతడి స్వభావాలే. ఒక్క పేరు పెట్టి అతడిని అక్కడే నిలిపివేయడం యూంగ్ బోధకు విరుద్ధం.