ఇంట్లోనే తప్పిపోయిన పిట్ట, ఉపనిషత్తులో దారం కట్టిన పిట్ట

ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయం అనగానే మనందరికీ గుర్తొచ్చేది తత్త్వమసి. 12 ఏళ్ళ వయసులో గురువు దగ్గరికి వెళ్ళి, 24 ఏళ్ళకి అన్నీ చదివేశానన్న బిగువుతో తిరిగొచ్చిన శ్వేతకేతువుకి తండ్రి ఉద్దాలకుడు చెప్పిన పాఠం అది. ఆ మహావాక్యం మొదటిసారి వచ్చేది ఎనిమిదో ఖండంలో. అదే ఖండంలో, దానికి కాస్త ముందు, ఒక పిట్ట ఉంది. వీడియోలో దాన్ని రెండు ముక్కల్లో దాటేశాం కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

కాలికి దారం కట్టిన పిట్ట ఆ దిక్కుకీ ఈ దిక్కుకీ ఎగురుతుంది. ఎక్కడా నిలవడానికి చోటు దొరక్క, చివరికి తనని కట్టిన చోటికే వచ్చి వాలుతుంది. మనసు కూడా అంతే, పగలంతా తిరిగి తిరిగి నిద్రలో ప్రాణం దగ్గరికి చేరుతుంది అంటాడు ఉద్దాలకుడు. ఇక్కడ ప్రాణం అంటే ఊపిరి ఒక్కటే కాదు, దానికి ఆధారమైన సత్ అని శంకరుల భాష్యం. దారం అనగానే మనకి జైలు, సంకెళ్ళు గుర్తొస్తాయి. కానీ ఈ పోలికలో కట్టిన చోటు శిక్ష కాదు, విశ్రాంతి దొరికే చోటు. నేను ఇది మొదట చదివినప్పుడు అర్థమైంది తక్కువే. కోనసీమలో మా పిన్ని వాళ్ళింట్లో పిట్ట తప్పిపోయిన రాత్రి నుంచి మాత్రం ఈ మాట చదివిన ప్రతిసారీ ఆగుతున్నాను.

పిన్ని వాళ్ళది పాత మండువా లోగిలి. మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ, దానిపైన ఇనప ఊచలు. ఆ ఊచల సందులోంచి కాకి రాలేదు గానీ చిన్న పిట్ట సుఖంగా బయటికి పోగలదు. వాళ్ళ దగ్గర రెండు బడ్జీలు ఉండేవి. మన బజార్లలో లవ్ బర్డ్స్ అని అమ్ముతారే, అవే. నిజానికి ఇవి ఆస్ట్రేలియా పిట్టలు, లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. పేరు ఎలా కలిసిపోయిందో గానీ ఇప్పుడు ఎవరికి చెప్పినా వినరు. ఒక సాయంత్రం నీళ్ళు మారుస్తుండగా కరెంటు పోయింది. వచ్చేసరికి పంజరంలో ఒక్కటే ఉంది.

బాబాయి టార్చి తీసుకుని నేరుగా కొబ్బరి చెట్ల కిందకి వెళ్ళారు. పక్కింటివాళ్ళు మామిడిచెట్టు చూశారు. అందరికీ అదే భయం. బయట పడితే తెల్లారేసరికి కాకులో, గద్దో, పిల్లో చూసుకుంటాయి. పంజరంలో పుట్టి పెరిగిన పిట్టకి తిండి వెతుక్కోవడం కూడా రాదు. పిన్ని మాత్రం గుమ్మం దాటలేదు. "చీకట్లో అది ఎంత దూరం ఎగురుద్దిరా, ఇక్కడే ఎక్కడో కూలబడి ఉంటది" అంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అనే సామెతని వేదాంతం చెప్పేవాళ్ళు ఎందుకంత ఇష్టంగా వాడతారో నాకు ఆ రోజు తెలిసింది. ఆవిడ వేదాంతం ఏమీ చెప్పలేదు, పిట్టల గురించి తెలుసు అంతే. బడ్జీకి చీకట్లో చూపు సరిగా ఆనదు. దీపం ఆరితే ఎక్కడున్నది అక్కడే ముడుచుకు కూర్చుంటుంది.

మీ ఇంట్లో పిట్టలుంటే ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ముందు ఫ్యాన్లన్నీ ఆపేయాలి. ఎగిరే పిట్టకి సీలింగ్ ఫ్యాన్ కంటే పెద్ద ప్రమాదం ఇంట్లో లేదు. పొయ్యి ఆపి, బకెట్లకీ నీళ్ళ డ్రమ్ములకీ మూతలు పెట్టాలి. టీవీ కట్టేసి, ఎవరూ మాట్లాడకుండా ఐదు నిమిషాలు వినాలి. తరవాత ఒక్కో గదీ పూర్తిగా చూసి, లేదని తేలాక తలుపు మూసేయాలి. మా ఆఫీసులో తప్పు ఎక్కడుందో వెతికేదీ ఇలాగే, తేలినదాన్ని పక్కన పెడుతూ పోవడమే. పైన కర్టెన్ కడ్డీలు, అటక, దేవుడి పటాల వెనక చూడాలి. కింద ఫ్రిజ్ వెనక, వాషింగ్ మెషీన్ పక్కన, చెప్పుల స్టాండులో. కుర్చీలో కూర్చునే ముందు, తలుపు గట్టిగా వేసే ముందు ఒకసారి చూసుకోండి.

అన్నిటికంటే పనిచేసేది జత పిట్ట. పిన్ని ఆ రెండోదాని పంజరాన్ని హాలు మధ్యలో పెట్టి, ఆ ఒక్క లైటే ఉంచింది. కాసేపటికి అది పిలవడం మొదలెట్టింది. మూడోసారో నాలుగోసారో, పడకగదిలోంచి సన్నగా జవాబు వచ్చింది. ఇనప బీరువాకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ళ సందు. అందులోకి జారిపోయింది. రెక్క విప్పడానికి చోటు లేక పైకి రాలేకపోయింది. ఇలాంటప్పుడు బీరువాని గోడవైపు వాల్చకూడదు, అడుగున రాసుకుంటూ పక్కకి జరపకూడదు. నలుగురు పట్టి తిన్నగా ముందుకి లాగాం. లైటు ఆర్పేసి, పల్చటి తువ్వాలుతో పిన్ని తీసింది. గుండెలమీద నొక్కకుండా పట్టుకోవాలండి, పిట్టకి ఛాతీ కదలకపోతే ఊపిరాడదు.

ఇప్పుడు మన గోదావరి వైపు ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న. భద్రాచలం గుడి కట్టిన కంచర్ల గోపన్నని గోల్కొండలో ఖైదు చేశారు కదా, పూర్వజన్మలో చిలకని 12 ఏళ్ళు పంజరంలో పెట్టినందుకే అని పెద్దలు చెబుతారు. మరి పిట్టల్ని పెంచడం పాపం కాదా? అది చరిత్ర కాదు, భక్తులు చెప్పుకునే కథ. అయినా కథలోని భయం అబద్ధం కాదు. రామచిలకని పట్టినా, కొన్నా, ఇంట్లో ఉంచినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమే. అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. బడ్జీల సంగతి వేరు. వాటిని పుణ్యం కోసం గాల్లోకి వదిలేస్తే అది విడుదల కాదు, చంపడమే. ఇంటికి తెచ్చుకోకముందే ఆలోచించాలి, తెచ్చుకున్నాక బాధ్యత మనదే.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదురాజుకి చెప్పిన పావురం కథ చూపించి, పిట్ట కోసం ఇంత తపన మమకారం కాదా అని కొందరు అంటారు. ఆ పావురం పిల్లలు వలలో పడ్డాయని తెలివి తప్పి తనూ వలలోకి దూకింది. ఎవరినీ విడిపించలేదు. పిన్ని ఏడవలేదు, అరవలేదు, ఫ్యాన్లు ఆపి విన్నది. రెండూ ఒకటేనా, మీరే చెప్పండి.

పూజగది ఉన్న ఇళ్ళకి ఇంకో మాట. పిట్టల ఊపిరితిత్తులు చాలా సున్నితం. సాంబ్రాణి పొగ, అగరొత్తులు, కర్పూరం వాటికి పడవు. మాడిన నాన్‌స్టిక్ పెనం ఆవిరైతే నిమిషాల్లో ప్రాణం తీయగలదు. ధూపం వేసేటప్పుడు పంజరం వేరే గదికి మార్చి తలుపు వేయండి. దొరికిన పిట్టకి ఆ రాత్రి స్నానం చేయించకండి, చేతుల్లో తిప్పకండి. గింజలు, నీళ్ళు దగ్గర పెట్టి, పంజరం మీద సగం వరకు గుడ్డ కప్పి వదిలేయండి. పొద్దున రెక్క వేలాడుతున్నా, తినకపోయినా, తోక ఊపుతూ ఊపిరి తీస్తున్నా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. పిన్ని వాళ్ళది తెల్లారి ఆరింటికే గింజలు తినేసింది. బీరువా వెనక సందులో ఇప్పుడు చుట్టిన గోనెసంచి ఉంది.